మారని మాటలో మారు గది
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ బెంగుళూరు నగరమున మన పెక్కు ఇండ్లకు కంప్యూటరు వృత్తియే అన్నము పెట్టుచున్నది. ఆ విద్యలోని చిన్న విశేష మొకటి నేడు మీకు మనవి చేయ దలచితిమి.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన జావా భాషలో అక్షరముల వరుసను 'స్ట్రింగు' అందురు. ఒకసారి ఏర్పడిన స్ట్రింగు మరల మారదు. మార్పు కావలెనన్న క్రొత్తదానిని నిర్మింపవలసినదే. కారణమేమి? ఒక దస్త్రము పేరు చూచి, తెరువవచ్చునని కావలివాడు సెలవిచ్చిన పిదప ఆ పేరే మారిపోయినచో, కావలి వ్యర్థమగును గదా!

అయినను ఈ మారని వస్తువులో మారు గది యొకటి గలదు. పట్టికలలో మాటను వేగముగా వెదకుటకై జావా దానికొక సంఖ్యను కట్టును. అంతవరకు వచ్చిన మొత్తమును 31చే హెచ్చవేసి, తరువాతి గుర్తు సంఖ్యను కలుపుచు పోవుటయే ఆ లెక్క. యూనికోడు పద్ధతిలో 'అమ్మ'కు నాలుగు గుర్తులు: అ 3077, మ 3118, పొల్లు 3149, మరల మ 3118. లెక్క ముగియునప్పటికి 9,47,64,042 వచ్చును. ఓపికగల విద్యార్థులు సరిచూచుకొనవచ్చును. ఈ సంఖ్యను మాట పుట్టినప్పుడే కట్టరు. మొదటిసారి అడిగినప్పుడు కట్టి లోపలి గదిలో దాచుదురు. మరల అడిగినచో దాచినదే చెప్పబడును.

ఇది వ్రతభంగము కాదా? కాదు. అక్షరములు మారలేదు గనుక వానినుండి వచ్చు సంఖ్యయు మారదు. ఇరువురు ఒకేమారు లెక్కించినను జవాబొక్కటే. దాచినది పోయినను అక్షరములనుండి తిరిగి కట్టవచ్చును. లోపలి మార్పునకు హద్దు ఇదియే.

ఇందొక లోపముండెడిది. గదిలో సున్న యున్నచో 'ఇంకను లెక్కింపలేదు' అని అర్థము. నిజముగనే జవాబు సున్నయైన మాటకు, పాపము, ఎన్నిసారులడిగినను లెక్క మొదటికే వచ్చెడిది! 2019లో వెలువడిన జావా 13వ కూర్పులో 'సున్నయే జవాబు' అని తెలుపు గుర్తును వేరుగా చేర్చి దీనిని సవరించిరి. తెలియకుండుట వేరు, ఏమియు లేదని తెలియుట వేరు.

తల్లిదండ్రులారా! మన బిడ్డలు వీధిలో కన్నడమును, తరగతిలో ఇంగ్లీషును నేర్చి లోపల ఎంతో కూర్చుకొనుచున్నారు. అది చూచి తెలుగు పోవునేమోయని మనము కలత చెందుచున్నాము. కూర్చుకొననిండు. మూలాక్షరములు నిలిచియున్నచో తక్కినది ఎప్పుడైనను తిరిగి కట్టుకొనవచ్చును. అవియే పోయినచో తిరిగి కట్టుటకు ఆధారము లేదు. పాఠశాల నేర్పిన ఆ అక్షరములను ప్రతిసాయంకాలము ఇంట చదివించి నిలుపు భారము మనదే.