పారదర్శక మానవుడు

ఈ దేశంలోనే పుట్టి పెరిగి, నేడు మీరే తల్లిదండ్రులైన యువతరానికి ఒక ఆటవస్తువును గురించి మనవి చేస్తాను.

1950వ దశకం చివర రెన్వాల్ సంస్థ ‘విజిబుల్ మ్యాన్’ అనే ప్లాస్టిక్ నమూనాను విడుదల చేసింది. రూపకర్త శిల్పి మార్సెల్ జోవీన్. సుమారు 16 అంగుళాల పారదర్శక దేహం; లోపల అస్థిపంజరం, విడదీయదగిన అవయవాలు. రంగులు మనమే వేసుకోవాలి.

మూత్రపిండాలు వెనుక, ప్రేగులు ముందు. కాలేయం కుడివైపు పక్కటెముకల చాటున. ఎంత కంఠస్థం చేసినా, చేతితో అమర్చి చూచినప్పుడు కాని ఈ క్రమం బోధపడదు. అవయవపు రెండు సగాలనూ అంటించక ముందే ఒకసారి కూర్చి చూడాలి. పాలీస్టైరీన్‌కు వాడే జిగురు అంచులను కరిగించి ఒకటి చేసే ద్రావకం. ఆరిన తరువాత విడదీయడం కష్టం. దాని ఆవిరి పీల్చరాదు, కిటికీ తెరవండి. వైద్యురాలిని కదా, చెప్పక తప్పదు!

ఇక అసలు మనవి. పిల్లవాడు ఒక చిన్న ముక్కతో అరగంట తంటాలు పడుతుంటే మన చేయి ఊరుకోదు. అందుకొని మనమే పూర్తి చేస్తాం. శస్త్రచికిత్స నేర్పేవారికి ఈ నిగ్రహం ఎంత కష్టమో తెలుసు. అక్కడ రోగి ప్రాణం ఉన్నది గనుక అవసరమైతే చేయి చాచవలసిందే. ప్లాస్టిక్ బొమ్మకు ఆ ప్రమాదం లేదు. వంకరగా అంటితే అంటనివ్వండి. కళాశాల దరఖాస్తుకు పనికివస్తుందా అని అడగకండి. సంక్రాంతి బొమ్మల కొలువులో ఒక మెట్టుపై చోటు చూపి, పూర్తికాకున్నా సరే, అక్కడ నిలబెట్టమనండి.