ఇరవై మూడు బుటాల పులి-మేక

రాజోలి నుంచి ఈ వారం ఆటలు, బొమ్మల ఎపిసోడ్. పోయిన వారం అష్టాచెమ్మా అన్న కదా, దాంతోనే మొదలుపెడ్తా. కానీ వారంలో ఎక్కువ టైమ్ తిన్నది మాత్రం పులి-మేక.

అష్టాచెమ్మా మా పక్కింటి పిల్లగానితో ఆడిన. వాడికి ఫోన్‌లో లూడో తప్ప ఇంకోటి తెల్వదు. ఆ లూడో మన పచ్చీసు నుంచే పోయింది, 1890లలో ఇంగ్లాండ్‌లో పేటెంట్ చేసుకున్నరు అంటే నమ్మలే. గవ్వలు లేవు, చింతగింజలు నాలుగు బండమీద ఒకపక్క తెల్లగా అయ్యేదాకా అరగదీసినం. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తా, గెలవాలంటే పనికొస్తది. లూడో పాచికలో ఒకటి నుంచి ఆరు దాకా అన్నీ సమానం. నాలుగు గింజలకు అట్ల కాదు. మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో 6 సార్లు రెండే పడ్తది. ఒకటి, మూడు నాలుగేసి సార్లు. నాలుగు తెల్లగా పడే చెమ్మా ఒక్కసారే, అన్నీ నల్లగా పడే అష్టా ఒక్కసారే. అందుకని ఎదుటోడి కాయకు రెండు గడుల వెనక నిలబడితే చంపే చాన్స్ ఎక్కువ. వాళ్ల కాయకు రెండు గడుల ముందు నిలబడకండి, అంతే. ఇది చెప్పినంక పిల్లగాడు నన్ను వరుసగా రెండాటలు ఓడగొట్టిండు.

ఇగ అసలు విషయానికి వద్దాం.

మా అవ్వ, సోలాపూర్‌లో ఉన్న చిన్నవ్వ, ఇద్దరు అక్కచెల్లెళ్లు. చిన్నప్పుడు మగ్గాల పని అయినంక అరుగు మీద పులి-మేక ఆడేటోళ్లంట. ఇంట్ల ఒక చెక్క పలక ఉండె. 2009 అక్టోబర్‌ల తుంగభద్ర ఊర్లకొచ్చినప్పుడు మగ్గాలే మిగల్లేదు, పలక ఏం మిగుల్తది? ఆ తర్వాత చిన్నవ్వ కొడుకు దగ్గరికి సోలాపూర్ పోయింది. అక్కడ మన నేతోళ్లు ఎప్పటినుంచో ఉన్నరు. వారానికోసారి వీడియో కాల్ చేసుకుంటరు. "తిన్నవా, మందులేసుకున్నవా" అని రెండు మాటలు, తర్వాత ఇద్దరూ స్క్రీన్ దిక్కు చూస్కుంట కూర్చుంటరు. అది చూసినప్పుడల్లా నాకు ఏదోలా ఉండేది.

ఫోన్‌లోనే ఆడించొచ్చు కదా అనుకున్న. పులి-మేకలో 23 చోట్లు. గీయడం ఈజీ: పైన ఒక కొన, దాన్నుంచి కిందికి నాలుగు గీతలు, వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, ఆ మూడిటి చివర్లు రెండుపక్కలా కలపాలి, అడుగున ఇంకో అడ్డగీత. కొన ఒకటి, మూడు వరుసల్లో ఆరేసి, అడుగున నాలుగు. మొత్తం 23. పులులు మూడు, మేకలు పదిహేను. మన తుంగభద్ర పట్టుకుని పైకి పోతే హంపిలో మండపాల రాతినేల మీద ఇలాంటివి చెక్కి ఉంటయి, ఎప్పుడన్నా పోతే పైకప్పు దిక్కే కాకుండ కిందికి కూడా చూడండి.

ఫోన్ మీద ఆడాలంటే చోటు పేరు చెప్పాలి. నంబర్లు రాద్దామంటే ఇద్దరికీ చదువు రాదు. కానీ చీర మీద బుటా చూపిస్తే మాత్రం నిద్రలో లేపినా పేరు చెప్తరు. అందుకే ఒక్కో చోట ఒక్కో బొమ్మ పెట్టిన. హంస, నెమలి, మామిడిపింద, రుద్రాక్ష, ఏనుగు, చిలుక... పదిహేను దాకా నాకు తెలుసు. మిగతావి పక్కవీధి మామ ఇచ్చిండు. ఆయన డిజైన్ గ్రాఫ్ పేపర్ మీద గళ్లు నింపుకుంట పోతుంటే పిక్సెల్ ఆర్ట్ చూసినట్టే ఉంటది. నేను కూడా అట్లనే గళ్లలోనే గీసిన. అంచుకు కోటకొమ్మ. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండిటికీ వేరే వేరే నాడెలు, కలిసే చోట పోగుకు పోగు మెలేస్తరు. నాది ఉత్త ఫ్యాబ్రిక్ పెయింట్, తెల్ల నూలు గుడ్డ మీద. అవ్వకు చూపు తక్కువ కాబట్టి గీతలు వేలంత లావు పెట్టిన. బొమ్మగా చూస్తే మొరటుగా ఉంది, ఒప్పుకుంటా. కానీ అవ్వ చేత్తో తడిమి "ఇది చిలుక" అన్నది, నాకు అది చాలు.

రెండు గుడ్డలు చేసిన. ఒకటి కొరియర్‌లో సోలాపూర్ పోయింది.

ఆదివారం కాల్. చిన్నవ్వ పులులు తీసుకుంది. ఎప్పుడూ ఆమెకే పులులంట, చిన్నది కదా, ఏడ్చేదంట! అవ్వ ఆట చూసి నేను నేర్చుకున్న. నేనైతే మేకల్ని మధ్యలో పెడ్తుంటి. అవ్వ అన్నీ అంచుల్లోనే పెడ్తది. అంచు మేక వెనక ఖాళీ చోటు ఉండదు, పులి ఎట్ల దూకుతది? పదిహేనూ పెట్టేదాకా ఒక్క మేకా కదలదు కాబట్టి తొందర పడొద్దు అంటది.

"హంస మీద మేక."

"నా పులి ఏనుగు మీదికొచ్చింది అక్కా, చూస్కో."

"చూస్తున్నలే. నువ్వు దొంగాట ఆడ్తవని నాకెరికే."

గంటంబావు. ఒక్కసారి కూడా మందుల మాట రాలే. మధ్యలో మేక ఒకసారి దూకిందా లేదా అని పెద్ద కొట్లాట. చిన్నవ్వ కోపంతో ఫోన్ పెట్టేసి, రెండు నిమిషాల్లో మళ్లీ ఆమెనే చేసింది.

ఆట అయిపోలే. చిన్నవ్వ నాలుగు మేకల్ని తినేసింది, మా లెక్కలో ఆరు పోతే పులి గెలిచినట్టే. కానీ ఒక పులి కొన మీద ఇరుక్కుంది. గుడ్డ మడవద్దని అవ్వ ఆర్డర్, అట్లనే మంచం కింద పరిచి ఉంది, పిల్లి రాకుండ చుట్టూ చెప్పులు పెట్టిన. వచ్చే ఆదివారం అవ్వదే ఎత్తు. మామిడిపింద మీద పెట్టాలా, రుద్రాక్ష మీద పెట్టాలా అని పొద్దున్నుంచి నన్ను అడుగుతనే ఉంది.