వయోలా చేతికొచ్చాక



ముప్ఫైయేళ్ళు ఫిడేలు వాయించి, నలభయ్యెనిమిదో యేట నేను వయోలా పట్టాను. "ఈ వయసులో యిదేం సరదా వదినా?" అని మా ఆడపడుచు నవ్వింది. సరదా కాదండీ. కొన్నేళ్ళుగా నా మనసు మంద్రస్థాయి మీదికే పోతోంది. ఫిడేలు కింది తీగమీద ఆనందభైరవి వాయిస్తూంటే యింకా కిందికి దిగాలనిపించేది. దిగడానికి అక్కడ తీగ లేదు.

చూడ్డానికి రెండూ అక్కచెల్లెళ్ళే. ఫిడేలు పెట్టె పొడవు సుమారు 14 అంగుళాలు. వయోలాది 15 నుంచి 16న్నర దాకా వుంటుంది. శ్రుతి మాత్రం షడ్జమానికీ పంచమానికీ వున్నంత దూరం కింద. ఆ లెక్కన పెట్టె 21 అంగుళాలుండాలి. అంతదాన్ని భుజానికి ఆనించి వాయించేదెవరు? అంచేత కుదించి చేశారు. ఆ కుదింపువల్లే దాని గొంతు కాస్త జలుబు చేసినట్టుంటుంది. నాకు నచ్చిందీ ఆ గొంతే.

అసలు చిక్కు నాకు వచ్చిన విద్యతోనే వచ్చింది. తీగ పొడుగు కదా, అలవాటైన చోట వేలు వేస్తే స్వరం దిగిపోతుంది. చిటికెనవేలు చాచి చాచి, రాత్రికి నెప్పిగా వుండేది. ఫిడేలుమీద తేలిగ్గా విసిరే కమాను దీనిమీద విసిరితే తీగ పలకదు, గీరుకుంటుంది. తీగ లావు, మాట ఆలస్యం. కమాను నెమ్మదిగా లాగాలి, బరువు మణికట్టునుంచి కాదు, చెయ్యి మొత్తంనుంచి రావాలి. గమకానికి వేలు మరికాస్త దూరం జారాలి.

చివరికి మాయామాళవగౌళలో సరళీవరుసలు మొదలుపెట్టాను. నా దగ్గర నేర్చుకునే పిల్ల ఒకతె గుమ్మంలో నిలబడి, "యెవరో కొత్తవాళ్ళు వాయిస్తున్నారా అండీ?" అంది. ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టె మూసేసి నాలుగు రోజులు ముట్టుకోలేదు.

అయిదోరోజు నాకు రెబెక్కా క్లార్క్ సంగతి గుర్తుకొచ్చింది. ఆవిడ ఇంగ్లండులో 1886లో పుట్టింది. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుతున్నప్పుడు, ఆమె గురువు స్టాన్‌ఫర్డ్, వయొలిన్ మాని వయోలా పట్టమన్నాడు. అప్పుడు వాద్యబృందం నడుమ కూర్చుని, సంగీతం యెలా అల్లుకుంటుందో లోపలినుంచి వినవచ్చునని ఆయన ఉద్దేశం. తర్వాత తండ్రి ఆమెను యింట్లోంచి వెళ్ళగొట్టాడు. అప్పుడు ఆమెకు కూడు పెట్టింది ఆ వయోలాయే. 1919లో ఒక పోటీకి ఆమె వయోలా సొనాటా రాసి పంపితే, అది మరో రచనతో సమానంగా నిలిచింది. పోషకురాలి వోటుతో బహుమతి రెండోదానికి పోయింది. ఇంత బాగా ఆడది రాసివుండదు, యెవరో మగవాడు మారుపేరు పెట్టుకున్నాడని అనుకున్నవాళ్ళూ వున్నారు! మనకిది కొత్తమాట కాదనుకోండి.

మన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కూడా వయోలా వాయించేవారు. అంచేత మన సంగీతానికి యిది పరాయిది కాదు.

వయోలా పట్టాలనుకునే చెల్లెళ్ళకు ఒక్కమాట. మీ చెయ్యి పొడవు చూసుకుని కొనండి. పెద్దదైతే గంభీరంగా వుంటుందని దుకాణంలో చెబుతారు, నెప్పి మాత్రం మీదే. మనం కింద కూర్చుని, వాద్యం తలను కుడిపాదంమీద ఆనించి వాయిస్తాం కనక, బరువు యెడంచేతిమీద పడదు. మెడకింద యిరికించుకునే దేశాలవారికి లేని సుఖమిది. మొదట్లో ఒకేరోజు రెండూ వాయించకండి. వేళ్ళు తికమకపడతాయి. నేను మూడునెలలు ఫిడేలు అటకెక్కించాను.

ఇప్పటికి పద్నాలుగు నెలలయింది. ఆనందభైరవి నాకు కావలసినంత కిందికి దిగుతోంది. వర్ణం రెండోకాలం మాత్రం యింకా శుభ్రంగా రాదు. పోయిన నెల ఒక గాయకుడు పక్కవాద్యానికి వయోలా తెమ్మని అడిగారు. ఫిడేలే తెస్తానన్నాను.