తాత కాగితం, మనవరాలి ఫీజు
(సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



పగారు సంగతి, బోనస్ సంగతి అధ్యక్షులవారు ఇప్పుడే విడమరచి చెప్పారు. వాటిని మళ్ళీ ఎత్తుకోము. మేము చెప్పదలచుకున్నది మన పిల్లల కాలేజీ ఫీజుల గురించి. ఇది సంఘం పని కాదు గదా అని ముందు వరుసలో ఒకరిద్దరు మొహాలు చూసుకుంటున్నారు. ఎందుకు సంఘం పనో చెబుతాం, వినండి.

2023లో మన సభ్యుడొకరు ఆఫీసుకు వచ్చారు. నాలుగు మగ్గాలు చూసే మనిషి. భార్య ఇంట్లో బీడీలు చుడుతుంది. కార్ఖానాలో రేటు తగ్గించారు, ఇంకోచోట పని దొరికింది, కాని మాలిక్ వదలడం లేదన్నారు. ఎందుకు వదలడని అడిగితే, "అడ్వాన్సు ఉందన్నా, అరవై వేలు" అన్నారు. దేనికి తీసుకున్నారంటే, బిడ్డకు ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిందట, మొదటి ఏడు ఫీజు కట్టడానికట. అంటే ఆ బిడ్డ చదువు పేరు మీద తండ్రి రెండేళ్ళకు ఆ కార్ఖానాకు కట్టుబడిపోయాడు. రేటు తగ్గించినా, నైట్ పాళీ వేసినా నోరెత్తడానికి లేదు. సోదరులారా, పగారు పోరాటం ఎక్కడ ఓడిపోతున్నదో మాకు ఆ రోజు తెలిసింది.

ఇంకో మాట కూడా తెలిసింది. అది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. ఆ అరవై వేలు కట్టనవసరమే లేదు. మన పద్మశాలీలు మహారాష్ట్రలో ప్రత్యేక వెనుకబడిన తరగతి, ఎస్.బి.సి. కింద ఉన్నారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలు సర్కారు ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా వృత్తివిద్యా కాలేజీలో చేరితే, ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు సర్కారే కడుతుంది. మహాడీబీటీలో దరఖాస్తు పెట్టాలి, అంతే. మరి ఆయన ఎందుకు పెట్టలేదు? కాగితాలు లేవు. కులం దాఖలా లేదు, వ్యాలిడిటీ లేదు, నాన్ క్రీమీలేయర్ లేదు. ఆ మనిషి పన్నెండేళ్ళుగా ప్రతి నెలా మన దగ్గర చందా కట్టారు. ఒక్కసారైనా మేము "బిడ్డ ఏం చదువుతోంది, దాఖలా ఉందా" అని అడగలేదు. తప్పు మాది.

ఆ తరువాత ఆ కాగితాల వెంట తిరిగాము. మన వాళ్ళందరికీ వచ్చే చిక్కు ఇదే గనుక కాస్త వివరంగా చెబుతాం. మనం కరీంనగర్ నుంచో, వరంగల్ నుంచో, నల్లగొండ నుంచో వచ్చిన కుటుంబాలం. తెలంగాణలో మనవాళ్ళు బి.సి.-బి. అక్కడి కాగితం ఇక్కడి రాయితీకి పనికిరాదు. ఇక్కడి దాఖలా కావాలంటే, సర్కారు పెట్టిన తేదీకి ముందే మన పెద్దలు ఈ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు చూపాలి. ఓ.బి.సి. వాళ్ళకైతే ఆ తేదీ 1967 అక్టోబరు 13. అంటే నిన్న మొన్నటి రేషన్ కార్డు చాలదు, తాతల నాటి కాగితం కావాలి. తాత మిల్లులో కండెలు మోసినవాడు, బడి మొహం చూసినవాడు కాడు. దాఖలా ఎక్కడినుంచి తెస్తాం?

సేతు కేంద్రంలో, ఆ తరువాత పై ఆఫీసులో ఆ తండ్రిని నాలుగుసార్లు తిప్పి పంపారు. ఒకసారి ఇంటిపేరు ముందు రాసి ఉందని, ఒకసారి చివర రాసి ఉందని. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి బళ్ళలో చివర రాస్తారు. ఒక్క మనిషే రెండు కాగితాల్లో ఇద్దరు మనుషులయ్యాడు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, తండ్రి స్కూలు దాఖలాలో కులం దగ్గర "సాళి" అని ఉంది. సాళి ఇక్కడ వేరే కులం. ఎవరో మాస్టారు తొందరలో రాసిన రెండక్షరాలు నలభై ఏళ్ళ తరువాత బిడ్డ కాళ్ళకు అడ్డం పడ్డాయి.

చివరికి దొరికింది ఎక్కడనుకున్నారు? తాత తమ్ముడు చిన్నతనంలో మునిసిపాలిటీ తెలుగు బడిలో మూడో తరగతి దాకా చదివాడట. ఈ సంగతి ఇంట్లో ముసలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. బడికి పోయి పాత రిజిస్టరు తీయిస్తే, చెదలు తినగా మిగిలిన పేజీలో ఆయన పేరు, పుట్టిన ఊరు, ఎదురుగా "పద్మశాలి" అని స్పష్టంగా ఉంది. తండ్రి వైపు రక్తసంబంధీకుల కాగితం చెల్లుతుంది. దానికి వంశవృక్షం, అఫిడవిట్టు జతచేసి పెట్టాము. దాఖలా వచ్చింది, ఆ తరువాత వ్యాలిడిటీ వచ్చింది. రెండో ఏటినుంచి ఆ అమ్మాయికి ఫీజు మాఫీ అయింది. మొదటి ఏడు కట్టింది మాత్రం తిరిగి రాలేదు. ఆ అడ్వాన్సు వారం వారం కోత పడుతూనే వచ్చింది.

ఇందులో ఒక లాభం కూడా ఉంది. ఆ ఇంట్లో ఒకరికి వ్యాలిడిటీ వచ్చింది గనుక అన్నదమ్ముల పిల్లలందరికీ దారి సులువైంది. కాబట్టి మీ పాలివాళ్ళలో ఎవరికైనా వ్యాలిడిటీ ఉందేమో ముందు కనుక్కోండి. పెళ్ళిలోనో, దినంలోనో కలిసినప్పుడు అడగండి. జెరాక్సు ఇవ్వడానికి మొహమాటపడే బంధువులు ఉన్నారు, మాకు తెలుసు. ఇవ్వకపోతే వాళ్ళ పేరు మాకు చెప్పండి, మేము పోయి అడుగుతాం.

ఇక పిల్లలను చేర్చేటప్పుడు చేసే తప్పు ఒకటుంది. ఏజెంటు వచ్చి, "కౌన్సెలింగ్ ఎందుకు, నేరుగా సీటు ఇప్పిస్తా, స్కాలర్‌షిప్పు తరువాత చూసుకుందాం" అంటాడు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్ళకు ఈ ఫీజు మాఫీ రాదు. తరువాత చూసుకోవడానికి ఏమీ ఉండదు. అట్లే, ఒకసారి దరఖాస్తు పెడితే చదువు అయ్యేదాకా నడుస్తుందనుకోకండి. ఏటేటా రెన్యువల్ చేయాలి. ఆధార్ లింకైన ఖాతా పిల్లల పేరు మీదే ఉండాలి. నెట్ సెంటర్లో పాస్‌వర్డ్ వాళ్ళకే వదిలేసి రాకండి. మరుసటి ఏడు ఆ దుకాణమే ఉండకపోవచ్చు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. 2024-25 విద్యా సంవత్సరం నుంచి ఓ.బి.సి. ఆడపిల్లలకు, ఆర్థికంగా వెనుకబడిన ఇళ్ళ ఆడపిల్లలకు కూడా ఎనిమిది లక్షల లోపు ఆదాయముంటే వృత్తివిద్యా కోర్సుల్లో ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. అంతకుముందు సగమే ఉండేది. "ఆడపిల్లకు అంత చదువెందుకు, ఖర్చు" అనేవాళ్ళకు ఖర్చన్న సాకు పోయింది. మిగిలిన సాకులు ఏమిటో మాకు చెబితే వాటి సంగతీ చూద్దాం.

ఆలస్యంగా వచ్చిన కుటుంబాలు, పాత రుజువులు లేనివాళ్ళు మా గతి ఏమిటని అడుగుతారు. దారులు ఉన్నాయి. ఓపెన్ కేటగిరీ వాళ్ళకు రాజర్షి శాహూ మహరాజ్ పేరుతో పథకం ఉంది, సగం ఫీజు వస్తుంది. బీడీలు చుట్టే అక్కలారా, మీ గుర్తింపు కార్డు పెట్టెలో అడుగున పడేయకండి. ఆ కార్డు మీద కేంద్ర కార్మిక శాఖ మీ పిల్లలకు స్కాలర్‌షిప్పు ఇస్తుంది. 2024-25లో పదకొండు, పన్నెండు తరగతులకు ఏడాదికి 3,000, డిగ్రీకి 6,000, ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి వాటికి 25,000 రూపాయలు. కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి. కార్ఖానాదారు ఆ కార్డు చేయించకపోతే ఊరుకోకండి.

కార్మిక కల్యాణ మండలి పేరిట జూన్‌లో, డిసెంబరులో మన పగారు నుంచి కోత పడుతుంది. 2024 నుంచి మనవి 25 రూపాయలు, మాలిక్‌వి 75. ఆ మండలి కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. కోసుకున్నది మండలికి కట్టారా, మధ్యలోనే ఆగిపోయిందా అన్నది మన సంఘం అడగవలసిన ప్రశ్న. ఒకే గోడలోపలి మగ్గాలను నాలుగు పేర్లమీద రాసి, "నా దగ్గర నలుగురే ఉన్నార"నే మాలిక్‌లు ఉన్నారు గదా. అక్కడ మన పేరు హాజరు పుస్తకంలో లేకపోతే మన పిల్ల పేరు స్కాలర్‌షిప్పు జాబితాలో ఉండదు. ఇ.ఎస్.ఐ. సంగతీ అంతే. ఇ.ఎస్.ఐ. వైద్య కళాశాలల్లో బీమా ఉన్న కార్మికుల పిల్లలకు కొన్ని సీట్లు వేరుగా ఉంటాయి, నీట్ మార్కుల మీద. మనకు దగ్గరలో గుల్బర్గాలోనే అలాంటి కాలేజీ ఉంది. కార్డు లేనివాడి బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినా ఆ తలుపు తెరుచుకోదు.

ఇవన్నీ చేసినా హాస్టలుకు, పుస్తకాలకు డబ్బు చాలదు, నిజమే. అప్పు తప్పనిసరైతే మాలిక్ దగ్గరకు, వారం కిస్తీల ఫైనాన్స్ వాళ్ళ దగ్గరకు పోకముందు బ్యాంకుకు పోండి. నాలుగు లక్షల దాకా చదువు అప్పుకు ఆస్తి తాకట్టు అడగరాదు. మేనేజరు అడిగితే, లేదని నోటిమాటతో పంపిస్తే, కాగితం మీద రాసిమ్మనండి. రాసిమ్మనగానే చాలామంది కుర్చీ వేసి కూర్చోబెడతారు. పి.ఎఫ్. నుంచి కూడా చదువుకు తీసుకోవచ్చు గాని అది మన ముసలితనం సొమ్ము, చివరన తాకండి.

మేము పదో తరగతి పాసైన ఏడు హెడ్మాస్టరుగారు ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో ఇస్తే, నాన్న దాన్ని రెండువైపులా తిప్పి చూసి గూట్లో పెట్టారు. చదవడం రాదు, అడగడానికి మొహమాటం. ఆ ఏడే మిల్లులో బదిలీ పనికి చేరాము. నాన్నను తప్పుపట్టడం లేదు. ఆ రోజుల్లో మిల్లు గేటు దగ్గర సంఘం బల్ల ఉండేది, దాని మీద ఆ ఫారం నింపే మనిషి ఒకడు ఉంటే బాగుండేదని మాత్రం అనుకుంటాము.

వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు ఆఫీసులో ఆ బల్ల వేస్తున్నాం. మన సభ్యుల పిల్లల్లోనే కాలేజీ చదివే నలుగురు వచ్చి కూర్చుంటారు. తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ముందు రండి. పన్నెండు అయ్యాక వస్తే తేదీలు మించిపోతాయి. ఆధార్, రేషన్ కార్డు, తండ్రి స్కూలు దాఖలా, తాతల నాటి ఏ కాగితమైనా సరే, మిల్లు టికెట్టు, ఇంటి కిరాయి రసీదు, ఏది దొరికితే అది తీసుకురండి. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళనూ వెంట తీసుకురండి, ఎవరు ఏ బడిలో చదివారో వాళ్ళకే గుర్తుంటుంది. చందా బాకీ ఉన్నవాళ్ళు మొహం చాటేయనక్కరలేదు, ఆ బల్ల దగ్గర చందా అడగం.