ఇంజిన్ దించకుండానే సిలిండర్ హెడ్ మరమ్మతు



లారీ ఇంజిన్‌లో ఒక హెడ్ చెడిందని తెలియగానే వర్క్‌షాపులో మొదట వినబడే ప్రశ్న: "ఇంజిన్ దించాలా?" గాలితో చల్లబడే ఇంజిన్ విషయంలో దీనికి సమాధానం చాలా సందర్భాలలో "అక్కరలేదు" అన్నదే. అయితే ఇంజిన్ దించనక్కరలేదు అన్న మాట, జాగ్రత్త అక్కరలేదు అన్న మాటగా మారకూడదు. ఈ ప్రసంగ సారాంశం అదే.

ఈ సౌకర్యం ఇంజిన్ నిర్మాణంలోనే ఉన్నది. నీటితో చల్లబడే ఇంజిన్లలో తరచుగా అనేక సిలిండర్లకు కలిపి ఒకే హెడ్ ఉంటుంది. ఒక్క వాల్వు కాలినా ఆ హెడ్ మొత్తం లేవవలసినదే. గాలితో చల్లబడే లారీ ఇంజిన్‌లో ప్రతి సిలిండరు వేరు, ప్రతి హెడ్డూ వేరు. చెక్ దేశానికి చెందిన టాట్రా సంస్థ 1942లో తెచ్చిన టాట్రా 111 లారీలో ఇటువంటి పన్నెండు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. తరువాత వచ్చిన టాట్రా 815లోనూ ఇదే పద్ధతి. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో సిలిండర్ వ్యాసం 120 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 140 మిల్లీమీటర్లు. మొత్తం పరిమాణం సుమారు 12.7 లీటర్లు. ఒక హెడ్ విప్పినప్పుడు మిగిలిన ఏడు సిలిండర్లు కదలవు. 1986 నాటి ఒప్పందంతో బీఈఎంఎల్ సంస్థ ద్వారా ఈ టాట్రా లారీలు భారత సైన్యానికి చేరాయి. కోలారు బంగారు గనుల పట్టణంలో ఆ సంస్థ కర్మాగారం ఉన్నందున, ఆ ప్రాంతపు తెలుగువారికి ఈ పేర్లు కొత్తవి కావు.

ఇక పని క్రమం. బండిని సమతలమైన నేలపై నిలిపి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, బ్యాటరీ తీగ విప్పవలెను. క్యాబిన్ ఎత్తిన తరువాత దాని తాళం పడినదని చూచుకోనిదే దాని కింద తల పెట్టరాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారవలెను. అల్యూమినియం హెడ్‌ను వేడి మీద విప్పితే అది వంకరపోవచ్చు. విప్పకముందే చుట్టూ ఉన్న దుమ్ము, జిడ్డు శుభ్రపరచవలెను. తెరచిన సిలిండరులో పడిన చిటికెడు ఇసుక చాలు, కొత్త రింగులను కూడా అరగదీయడానికి.

గాలిని మళ్ళించే రేకులు, డీజిల్ పైపులు, నాజిల్, మానిఫోల్డ్, రాకర్, పుష్ రాడ్లు వరుసగా తీసి, ఏది ఏ స్థానానిదో గుర్తు పెట్టవలెను. విప్పిన పైపుల నోళ్ళు మూయవలెను. నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయవలెను.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటున్నది. ఈ తరహా ఇంజిన్లలో చాలావాటిలో పొడవాటి స్టడ్‌లే హెడ్‌నూ సిలిండర్‌నూ కలిపి బిగించి ఉంచుతాయి. హెడ్ తీయగానే సిలిండరుకు పట్టు పోతుంది. అప్పుడు క్రాంక్ తిప్పితే పిస్టన్‌తోపాటు సిలిండరు కూడా పైకి లేచి, అడుగున ఉన్న సీలు చెడుతుంది. కనుక క్రాంక్ తిప్పరాదు. తిప్పక తప్పనప్పుడు స్టడ్‌లకు గొట్టపు ముక్కలు తొడిగి, నట్లతో సిలిండరును అదిమి ఉంచవలెను.

హెడ్ చేతికి వచ్చిన తరువాత వాల్వు సీట్ల మధ్య పగుళ్ళను వెతకవలెను. సరళమైన ఉక్కుపట్టీ, ఫీలర్ గేజ్‌లతో అడుగు సమంగా ఉన్నదో లేదో చూడవలెను. వాల్వులను ల్యాపింగ్ చేసి, పోర్టులో కిరసనాయిలు పోసి, అది సీటు వద్ద కారుతున్నదేమో గమనించవలెను. హెడ్‌కూ సిలిండరుకూ మధ్య సీలు ఇంజిన్ రకాన్ని బట్టి మారుతుంది. ఈ విషయంలో ఊహకు తావులేదు, తయారీదారు పుస్తకమే ప్రమాణం.

తిరిగి బిగించేటప్పుడు మరొక మెలకువ. హెడ్లు వేరువేరైనా మానిఫోల్డ్ అన్నింటికీ ఆనుకుంటుంది. నట్లు బిగించకముందే పక్క హెడ్‌తో ముఖాలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో ఉక్కుపట్టీతో సరిచూడవలెను. వంకరగా బిగిసిన హెడ్ వద్ద మానిఫోల్డ్ నుండి గ్యాస్ కారుతుంది, లేదా మానిఫోల్డే పగులుతుంది. టార్క్ రెంచ్‌తో, పుస్తకం చెప్పిన అంచెలలో బిగించి, వాల్వు గ్యాప్ సరిచేయవలెను.

అయినా పని ముగియదు. హెడ్ ఎందుకు చెడింది? రెక్కల సందులలో నూనె, దుమ్ము కలిసి గడ్డకట్టితే గాలి ఆడదు. ఎక్కడో ఒక రేకు ఊడిపోతే గాలి సిలిండరును తాకకుండానే దారి మళ్ళుతుంది. ఫ్యాన్, నాజిల్ లోపాలూ అంతే. కారణం తొలగించక కొత్త హెడ్ బిగిస్తే, కొద్దికాలానికే అదే సిలిండరు వద్ద అదే పని మళ్ళీ ఎదురవుతుంది. "మిగిలిపోయిన" రేకు, స్క్రూ అంటూ ఏదీ ఉండరాదు.

అన్ని మరమ్మతులూ బండి మీద సాధ్యం కావు. ఆయిల్‌లో లోహపు పొడి కనబడినా, క్రాంక్‌కేసులో స్టడ్ మరలు తెగినా, బేరింగు శబ్దం వినిపించినా ఇంజిన్ దించడమే వివేకం. అటువంటి చోట ఒక రోజు ఆదా చేయబోతే ఇంజినే పోవచ్చు.

చివరిగా, పౌరధర్మానికి చెందిన మాట. తీసిన ఆయిల్ 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని కాలువలో పోయక, మూత ఉన్న డబ్బాలో నిలువచేసి, అనుమతి పొందిన వారికే అప్పగించవలెను. ఇంజిన్‌ను కాపాడిన చేతులే ఊరి నీటినీ కాపాడవలెను.