మనసు జబ్బుకు నలుగురి తోడు



ఒంట్లో జ్వరమొస్తే ఇరుగుపొరుగుకు చెబుతాం. మనసుకు జబ్బు చేస్తే తలుపులు వేసుకుంటాం. "బయట తెలిస్తే ఆడపిల్లల సంబంధాలు ఏమవుతాయి?" అని భయం. ఈలోగా జబ్బు ముదురుతుంది. పదిమందీ కూర్చుని నయం చేసుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఏది ఎవరికి పనికొస్తుందో మనవి చేస్తాను.

1905లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు క్షయరోగులను వారం వారం ఒకచోట కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పేవారు. తోటివాడు కోలుకోవటం చూసి మిగతావారికి ధైర్యం వచ్చేది. ఈ పద్ధతికి తొలి అడుగు అదే.

మొదటి రకం, జబ్బు సంగతి తెలియజెప్పేది. లక్షణాలేమిటి, మందు మధ్యలో మానేస్తే ఏమవుతుంది అన్నవి అక్కడ చెబుతారు. రెండోది అభ్యాసం నేర్పేది. దిగులు పుట్టించే ఆలోచన వచ్చినప్పుడు "ఇది నిజమేనా?" అని పరీక్షించుకోవటం నేర్పుతారు. ఇంటిదగ్గర చేసి, మళ్ళీ వారం వచ్చి చెప్పాలి.

మూడోది కష్టసుఖాలు చెప్పుకునేది. 2002లో ఉగాండా పల్లెల్లో ఆడవాళ్ళను, మగవాళ్ళను వేర్వేరుగా వారానికోసారి పదహారు వారాలు కూర్చోబెట్టారు. నడిపినవారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన స్థానికులే. అయినా చాలామందికి దిగులు బాగా తగ్గింది.

నాలుగోది బాధితులే నడుపుకునేది. తాగుడు మానటానికి 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇటువంటిదే. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. ఐదోది కుటుంబాలది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి, రోగులతోపాటు ఇంటివారినీ ఉంచుకున్నారు. రోగిని ఎలా చూసుకోవాలో వాళ్ళూ నేర్చుకున్నారు.

ఒక హెచ్చరిక. చచ్చిపోవాలనిపించేవారికి, చెవిలో ఏవో గొంతులు వినిపించేవారికి ముందు డాక్టరు కావాలి, సమావేశం తర్వాత. 14416కి ఫోను చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

వీటన్నిటికీ ప్రాణం ఒకే నియమం: అక్కడ విన్నమాట గడప దాటకూడదు. మన సంఘంలో ఎవరైనా ఇలాంటిది మొదలుపెట్టదలిస్తే గది, కుర్చీలు ఎక్కడైనా దొరుకుతాయి. గుట్టు నిలిపే మనుషులను ముందు చూసుకోండి. ఆ నమ్మకం కుదిరితే, సంబంధాలు చెడతాయని తలుపులు మూసుకున్న ఇల్లు తనంతట తానే తలుపు తీస్తుంది.