సర్కారీ వకీలు ఎవరి వకీలు?

మన ఇందూరు ప్రాంతమున పాతతరమువారు నేటికిని 'సర్కారీ వకీలు' అనియే అందురు. ఉర్దూ అదాలతు భాషగా నున్న నిజాము కాలపు పలుకుబడి అది. ఇంటిలో బిడ్డ న్యాయశాస్త్రము చదివి సనదు పుచ్చుకొన్నచో, చెరకు తోటల నడుమనున్న పల్లెలో మొదట వినవచ్చు సలహా ఇట్లుండును: "సర్కారీ వకీలు నౌకరీకి దరఖాస్తు పెట్టరాదా బిడ్డా! నెలనెల జీతమొస్తది, నలుగురిల ఇజ్జతుంటది."

ఈ సలహా చెడ్డది కాదు. కాని ఆ దరఖాస్తు ఏ పదవికి పెట్టుచున్నామో, పదవి వచ్చిన పిదప ఎవరికి బాధ్యులమగుదుమో తెలిసికొని పెట్టుట మేలు. నేటి ప్రసంగమున మేము చెప్పదలచినవి ఈ రెండు విషయములే.

సర్కారీ వకీలు అను ఒక్క పేరు క్రింద మూడు పదవులున్నవి. మేజిస్ట్రేటు కోర్టులలో నేరవిచారణ నడుపువారు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు. సెషన్సు కోర్టులో నడుపువారు పబ్లిక్ ప్రాసిక్యూటరు, అడిషనల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు. భూమి, పరిహారము, బకాయి మొదలగు సివిలు వ్యాజ్యములలో ప్రభుత్వము పక్షమున నిలుచువారు గవర్నమెంటు ప్లీడర్లు. మూటికిని దారులు వేరు.

మొదటిది పోటీ పరీక్ష దారి. 2021 జులైలో తెలంగాణ రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి 151 అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవులకు దరఖాస్తులు కోరినది. న్యాయశాస్త్ర పట్టముతోపాటు క్రిమినలు కోర్టులలో మూడేండ్లకు తక్కువకాని వృత్తి అనుభవమును అడిగిరి. కావున సనదు వచ్చిన మరునాడే పుస్తకములు ముందు వేసికొని గదిలో కూర్చుండుట చాలదు. ఆ మూడేండ్లును కోర్టు గడప త్రొక్కవలెను. సాక్షిని ప్రశ్నించు పద్ధతి కన్నులార చూడవలెను.

రెండవ పదవికి ఏడేండ్ల న్యాయవాద వృత్తి ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు, సెషన్సు జడ్జితో సంప్రదించి, తగినవారి పేర్ల పట్టికను సిద్ధపరచును. రాష్ట్రమున ప్రాసిక్యూషన్ అధికారుల క్రమబద్ధమైన శ్రేణి ఉన్నచోట ఆ శ్రేణినుండియే నియమింపవలెనను నియమమును కలదు. మూడవదియగు గవర్నమెంటు ప్లీడరు పదవి ఉద్యోగము కాదు. ప్రభుత్వము కొంత కాలమునకు అప్పగించు బాధ్యత మాత్రమే. గడువు తీరిన పిదప మరల నాకే ఈయవలెనని అడుగు హక్కు ఎవరికిని లేదని 2004లో సుప్రీంకోర్టు జోహ్రీమల్ వ్యాజ్యమున చెప్పినది.

సిఫారసు లేనిదే ఈ పదవులు రావను మాట మనము తరచుగా వినుచుందుము. ఈ విషయమున కోర్టులు మౌనముగా ఉండలేదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క ఉత్తరువుతో తొలగింపగా, 1990లో శ్రీలేఖా విద్యార్థి వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ఈ పదవిలో ప్రజల ప్రయోజనమున్నది గనుక ఇష్టానుసారముగా తీసివేయరాదని నిర్ణయించినది. 2016లో పంజాబునకు సంబంధించిన వ్యాజ్యమున, ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక నిష్పక్షపాతముగా, యోగ్యతను బట్టి జరుగవలెననెను. దరఖాస్తుదారుడు ఈ తీర్పులను చదువుట పరీక్షకొరకే కాదు, తన వెన్ను నిటారుగా నిలుపుకొనుటకును అవసరము.

ఇక రెండవ విషయము. సర్కారీ వకీలు ఎవరి వకీలు? పోలీసువారి వకీలని కొందరు, ఫిర్యాదుదారుని వకీలని కొందరు అనుకొందురు. రెండును పొరపాటే.

హైదరాబాదు రాజ్యమున 1921లోనే న్యాయశాఖను పరిపాలనశాఖనుండి వేరుపరచిరి. కాని ప్రాసిక్యూషన్‌ను పోలీసుశాఖనుండి వేరుచేయుట దేశమంతటను ఆలస్యముగా జరిగినది. 1898 నాటి పాత స్మృతి క్రింద మేజిస్ట్రేటు కోర్టులలో పోలీసు అధికారులే కేసులు నడుపుట వాడుక. 1974 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన స్మృతి ఈ పద్ధతిని మార్చినది. పొరుగుననున్న మహారాష్ట్రకు సంబంధించిన షహానే వ్యాజ్యమున, 1995లో, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లను పోలీసుశాఖ అదుపునుండి తప్పింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితయు ఆ దారినే నడచుచున్నది. నియామక పరీక్షను పోలీసు నియామక మండలి నడిపినంత మాత్రమున పదవి పోలీసుశాఖది కాదు.

ఒక ఉదాహరణము కల్పించి చెప్పుదుము. బోధన్ దాపున ఒక పల్లెలో చెరకు తోట తగులబడినదనుకొనుడు. గట్టు తగాదా ఉన్న పొరుగు రైతుపై కేసు పెట్టిరి. దర్యాప్తు కాగితములలో ఒక కాటా చీటీ ఉన్నది. నిప్పంటుకొన్న వేళకు ఆ రైతు చెరకు బండితో దూరపు ఫ్యాక్టరీ కాటావద్ద ఉన్నట్లు ఆ చీటీ తెలుపుచున్నది. పోలీసువారు దానిని తమ సాక్ష్యములలో చేర్చలేదు. సర్కారీ వకీలు ఏమి చేయవలెను? చీటీని అడుగున పెట్టి కేసు గెలువవచ్చును. కాని అతని పని గెలుచుట కాదు. నిజమును కోర్టు ముందుంచుట. ప్రాసిక్యూషన్ ఆధారపడని పత్రముల జాబితాను సయితము ముద్దాయికి ఈయవలెనని 2021లో సుప్రీంకోర్టు మార్గదర్శకములు చేసినది ఇందుకొరకే. తోట కాలిన రైతునకు కావలసినదియు నిజమైన దోషి పట్టుబడుటయే గదా!

కేసు ఉపసంహరణము విషయమును ఇట్టిదే. 'ఈ కేసు తీసివేయుడు' అని పైనుండి కబురు రావచ్చును. కాని చట్టము ఆ అధికారమును ప్రాసిక్యూటరు చేతిలో, కోర్టు అనుమతికి లోబరచి, ఉంచినది. అతడు తన బుద్ధితో ఆలోచించి నిర్ణయించుకొనవలెను. క్రొత్త సంహిత ప్రకారము బాధితుని మాట వినక కోర్టు అనుమతి ఈయరాదు.

సివిలు పక్షమున బాధ్యత మరింత సున్నితమైనది. 1923–31 నడుమ మంజీరపై నిజాంసాగరు కట్టుట, 1937లో శక్కర్‌నగరున నిజాం షుగరు ఫ్యాక్టరీ వెలయుట, 1963లో పోచంపాడున శంకుస్థాపన జరుగుట, వీనివలన ఈ నేల చెమ్మగిల్లినది, చెరకు పండినది. పోచంపాడు జలాశయము క్రింద ఊళ్లును మునిగినవి. 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు మారిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. భూమి పోయినవారు, కూలి పోయినవారు, బకాయి రావలసినవారు చేయు తుది యత్నము కోర్టుకెక్కుట. అట్టివారికెదురుగా నిలుచువాడు గవర్నమెంటు ప్లీడరు. ప్రభుత్వముపై దావా వేయుటకు ముందు రెండు నెలల నోటీసు ఈయవలెనని సివిలు స్మృతి చెప్పుట, న్యాయమైన కోరికను దావా లేకుండనే తీర్చుటకు ప్రభుత్వమునకు అవకాశమిచ్చుటకు. "ఈ రైతు అడిగినది సబబు, అప్పీలు వలదు" అని వ్రాసి ఈయగల ప్లీడరు ఖజానాకును మేలు చేసినవాడగును.

దరఖాస్తు పెట్టదలచిన యువతీయువకులకు మరియొక మాట. బోధన్ సరిహద్దు ప్రాంతము. కోర్టులో నిలుచు సాక్షి తెలుగు పలుకవచ్చును, ఉర్దూ పలుకవచ్చును, మరాఠీ పలుకవచ్చును. పేషీకి వచ్చిన ముసలమ్మ మాటలోని భయమును, సూటిదనమును గ్రహింపజాలనివాడు ఎన్ని సెక్షన్లు వల్లించినను నిజమును రాబట్టజాలడు. ఈ మూడు భాషలను చెవికి అలవరచుకొనుడు.

జీతము వచ్చును, గౌరవమును వచ్చును. వానిని కోరుట తప్పు కాదు. అయితే ఒక్క ప్రశ్నకు ముందుగా మీలో మీరు జవాబు చెప్పుకొనుడు: ఆ కాటా చీటీ మీ చేతికి వచ్చిననాడు దానిని బల్లపై పెట్టుదురా? పెట్టుదుననువారు నిస్సంకోచముగా దరఖాస్తు చేయుడు. మన కోర్టులకు మీ అవసరము కలదు.